రెండుసార్లు నొక్కితే తెల్లబడే ముఖం

బోధన్ బస్టాండు దగ్గరి ఫోటో స్టూడియోలో నేను కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేసిన ఆరేళ్లలో, ఉన్న రంగులో ఫోటో ఇస్తే సంతోషంగా తీసుకున్న మనిషిని ఒక్కరినీ చూడలేదు. పెళ్లిచూపులకు ఫోటో దిగే పిల్లయినా, చెరుకు నరికే కూలీ అయినా, "జర తెల్లగ చెయ్యక్కా" అనడమే. మా ఓనరును నేను అన్నా అని పిలిచేదాన్ని. పనిలో చేరిన రోజే ఆయన చెప్పేశాడు, ముందు మొకం తెల్లగ చెయ్యాలె, ఆ తర్వాతనే గిరాకికి చూపెట్టాలె అని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. నాకు అసలే ఓపిక తక్కువ. ఒకే పని మళ్లీ మళ్లీ చెయ్యమంటే ఒళ్లు మండుతుంది.

రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం అనుకుంటా, దానికో ఉపాయం కనిపెట్టాను. ఆ రోజుల విండోస్‌లో ఫోల్డర్ ఆప్షన్స్ తెరిస్తే ఫైల్ టైప్స్ అని ఒక జాబితా వచ్చేది. ఏ రకం ఫైలు మీద రెండుసార్లు నొక్కితే కంప్యూటర్ ఏం చెయ్యాలో అక్కడ మనమే రాసిపెట్టుకోవచ్చు. ఒక పాత పుస్తకం ముందేసుకుని రెండు మధ్యాహ్నాలు కుస్తీ పట్టి, ఫోటో ఫైళ్లకు ఒక కమాండ్ రాశాను. ముందు ఫోటోను ఒక మెట్టు తెల్లబరచాలి, సేవ్ చేసి దాచాలి, ఆ తర్వాత తెర మీద చూపించాలి. ఫైలు పేరు ఉండాల్సిన చోట ఒక శాతం గుర్తు, దాని పక్కన ఒకటి అంకె. నేను ఏ ఫోటో మీద నొక్కితే ఆ ఫోటో వచ్చి ఆ గుర్తులో కూర్చుంటుంది.

"ఏందే చెల్లె, మంత్రం గిట్ల పెట్టినవా?" అన్నాడు ఓనరు, ముఖాలు వాటంతటవే తెల్లబడి తెరుచుకుంటుంటే.

"మంత్రం కాదన్నా, మెదడు" అన్నాను. అంత పొగరు నాకు.

మా పక్క షట్టరే ఎస్టీడీ బూత్. సౌదీలో సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం అక్కడ ఆడవాళ్లు వరసగా కూర్చుని కొడుకుల ఫోన్ల కోసం, మొగుళ్ల ఫోన్ల కోసం ఎదురు చూసేవాళ్లు. ఎడపల్లి నుంచి ఒక అవ్వ వచ్చేది. బీడీలు చేసి చేసి వేళ్లు పసుపు పచ్చగా మారిన మనిషి. చిన్నకొడుకు ఒంటెల దగ్గర పనికి పోయి ఏడాదయింది. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు, ఉన్నట్టుండి ఆపేశాడు. మూడు శుక్రవారాలు ఉత్తినే కూర్చుని పోయింది. నాలుగో వారం బూత్ లోంచి లేచి మా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, మావోడు పాస్‌పోర్టు ఫోటో ఈన్నే దిగిండు. ఒక్కసారి సూపియ్యవా?"

వెతికి తీసి, రెండుసార్లు నొక్కాను. వచ్చాడు. ఇరవై రెండేళ్ల నల్లటి పిల్లగాడు, ఎడమ బుగ్గ మీద చెరుకు నరికేటప్పుడు తగిలిన గాటు. తీసిన కాపీలన్నీ ఏజెంటు పట్టుకుపోయాడట. ఇంట్లో మిగిలింది పాస్‌పోర్టు జిరాక్సు, అందులో ముఖం బదులు సిరా మరక ఉంది.

"ఒకటి పెద్దగ తీసియ్యాల్నా అవ్వా? గోడకు పెట్టుకుందువు."

"నీ నోట్ల మన్నువడ! బతికున్నోని ఫోటో గోడకు ఏస్తరానే? ఈన్నే ఉండనియ్యి. నేనే అచ్చి సూస్త."

అట్లా ప్రతి శుక్రవారం వచ్చేది. ఫోన్ రాకపోవడం, ఇటు రావడం. ఒకసారి చూసి సరిపెట్టుకునేది కాదు. గిరాకి వస్తే నేను మూసేసేదాన్ని, వాళ్లు పోగానే "మల్ల తియ్యి" అనేది. కసురుకుంటూనే తీసేదాన్ని. బయట చెరుకు బండ్లు, చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ వాసన, లోపల మా ఇద్దరి మధ్య ఆ కుర్రాడు.

నెల దాటాక ఒకనాడు తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. "బిడ్డా, వీని మొకంల రక్తం లేదు. రోజురోజుకు పాలిపోతున్నడు."

"ఫోటో ఎక్కడన్న పాలిపోతదా అవ్వా? నీ కండ్లు చూపించుకో" అని విసుక్కున్నాను.

"కన్నదాన్ని, నాకెరుక లేదా? ఆనికి పానం బాగలేదు."

తర్వాతి వారం వచ్చి కూర్చోగానే, "బుగ్గ మీద గాటు ఏదే?" అంది.

చూశాను. లేదు. మొదటి రోజు నేను చూసిన గాటది, నాకు బాగా గుర్తు. అక్కడ ఇప్పుడు నున్నటి చర్మం, మైనం లాగా. కళ్లు మాత్రం అంతే నల్లగా, అంతే సూటిగా మా ఇద్దరినీ చూస్తున్నాయి. ముఖంలోంచి మనిషి వెళ్లిపోతూ కళ్లు వదిలేసి పోయినట్టుంది. అవ్వ ఏడవలేదు. తెర మీద వేలు పెట్టి, "ఈన్నే ఉండె" అంది మెల్లగా.

ఆమె పోయాక ఓనరుకు చెప్పాను. ఆయన నవ్వుతాడనుకుంటే, మర్నాడు పొద్దున్నే మానిటర్‌కు నిమ్మకాయ, పచ్చి మిరపకాయలు కట్టాడు. నేను కూడా కాదనలేదు. ఆ వారమంతా ఆ కుర్రాడి ఫోటో ఉన్న ఫోల్డర్ తెరవలేదు. మధ్యాహ్నం పూట, రోడ్డు నిండా జనం ఉన్నా సరే, వెనక ఎవరో నిలబడ్డట్టు తిరిగి తిరిగి చూసేదాన్ని.

సంగతి గురువారం తెలిసింది. ఒక పెళ్లికూతురి ఫోటోను వాళ్ల వాళ్లందరికీ పది పన్నెండు సార్లు తెరిచి చూపించాను. ఆఖరుకు పిల్ల ముక్కు కనిపించలేదు. కమాండ్ తెరిచి చదివాను. ఫోటోను తీసుకునే చోటా ఆ శాతం-ఒకటి గుర్తే, దాచే చోటా అదే గుర్తు. తెల్లబరిచిన ఫోటోను వేరే పేరుతో దాచమని రాయలేదు నేను, అసలు దాని మీదే దాచమన్నాను. తెరిచిన ప్రతిసారీ ఇంకో మెట్టు తెలుపు. మిగతా గిరాకీల ఫోటోలు ఒకటి రెండుసార్లు తెరిచి అచ్చు తీసి వదిలేసేవాళ్లం కాబట్టి ఎవరికీ తెలియలేదు. దెయ్యం కాదని తెలిసి హమ్మయ్య అనుకున్నాను, అది ఒక్క క్షణమే. ఆ కొడుకును చెరిపింది నేనే. కెమెరా కార్డు ఏనాడో తుడిచేశాం. ఇంకో ప్రతి ఎక్కడా లేదు.

కమాండ్ తీసేశాను. శుక్రవారం అవ్వ వచ్చింది. నిజం నోటి దాకా వచ్చింది.

ఆమె చూసింది, మళ్లీ చూసింది, ముఖం వెలిగిపోయింది. "ఆగింది బిడ్డా! పోయిన వారం ఎట్లున్నడో గట్లనే ఉన్నడు. మంచిగైతున్నట్టున్నడు." కొంగులో కట్టుకొచ్చిన బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను. థూ నా బతుకు, ఊరుకుని తిన్నాను.

ఇంకో మూడు శుక్రవారాలు ఆ సంతోషంతోనే వచ్చింది. ఆ తర్వాత ఒక మంగళవారం పెద్దకొడుకుతో కలిసి వచ్చింది. అతనే చెప్పాడు. "తమ్ముడు పోయిండట అక్కా. ఫోన్లు బందైన వారమే. ఎవ్వలు చెప్పలే. ఆన్నే బొంద పెట్టిండ్రట. దినాలకు ఫోటో పెద్దగ కావాలె."

అంటే ఆమె నా దగ్గరికి మొదటిసారి వచ్చేనాటికే అతను ఇసుక కింద ఉన్నాడు. పాలిపోతున్నాడన్నప్పుడూ, మంచిగైతున్నాడన్నప్పుడూ.

ఫోటో తెరిచాను. తెల్లటి గోడ, తెల్లటి ముఖం, రెండు కళ్లు, మీసం. పెద్దకొడుకు అడుగు వెనక్కి వేశాడు. "ఇది మావోడేనా అక్కా?"

అప్పుడు చెప్పేశాను. అవ్వా, నీ కొడుకు పాలిపోయింది రోగంతో కాదు, నేను రాసిన కమాండ్‌తో అని ఏడ్చుకుంటూ చెప్పాను. ఆమె అంతా విన్నది.

"మరి ఆగిందని నేను మురిస్తే ఎందుకు ఊకున్నవ్?" అంది.

తెర మీది ఫోటో మూసేశాను.

ఆమే లేచి వెళ్లి, ఫోటోలు దిగే స్టూలు మీద కూర్చుంది. "నా మొకం తీసుకో. వాడు నా తీరుగనే ఉంటుండె." తీశాను. ఆమె నుదురు, బుగ్గలు, గడ్డం ఒక్కొక్కటే కోసి, అతని కళ్ల చుట్టూ, మీసం చుట్టూ అతికించాను. ముడతలు చెరిపాను. రంగు మాత్రం ముట్టుకోలేదు. సాయంత్రానికి ఆ కళ్ల చుట్టూ మనిషి వచ్చాడు. పెద్దకొడుకు చేతులు జోడించాడు. అవ్వ జోడించలేదు.

దినాల రోజు ఎడపల్లి పోయాను. పీట మీద ఫోటో పెట్టారు. పెద్దకొడుకు అద్దం మీద నుదుటికి బొట్టు పెట్టి దండ వేశాడు. అవ్వ పక్కనే కూర్చుంది. వచ్చిన చుట్టాలంతా ఆ ముఖానికి దండం పెట్టి పోతున్నారు. అది సగం ఆమె ముఖమని మా ముగ్గురికే తెలుసు. చివరికి నా వంతు వచ్చింది. ఎటు తిరిగి దండం పెట్టాలో తెలియక నిలబడిపోతే, అవ్వ నా చెయ్యి పట్టుకుని, "రా బిడ్డా, తిని పో" అంది.