పెద్దమ్మ మోసుకొచ్చిన తాలు వరి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పటాన్‌చెరులో బస్సు కోసం నిలబడి ఉండగా, చెరుకు గడలు బయటికి పొడుచుకొచ్చిన ఆటో ఒకటి నా ముందు ఆగింది. లోపల తెల్లచీరల ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో సొరకాయలు, అరటి గెల, మెరిసే కాగితం చుట్టిన ఆపిల్ పళ్ల బుట్ట. కోత పండుగకు చర్చికి పోతున్నారని చూడగానే తెలిసింది. పండిన పంటలో మొదటి భాగం తెచ్చి దేవుని ముందు పెట్టి స్తోత్రం చెప్పే ఆ పండుగను నాలాంటి నాస్తికుడు గుర్తుపట్టడమేమిటని మీకు అనిపించవచ్చు. గుర్తుపట్టడమే కాదు, ఆటో వెళ్లిపోయాక నా బస్సు వచ్చి పోయిందన్న సంగతి కూడా గమనించనంతగా ఎనభైల చివరి రోజుల్లోకి వెళ్లిపోయాను.

అప్పుడు నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. హత్నూర దాటి ఒక పల్లె నుంచి వచ్చిన కుర్రవాణ్ణి, నాలుగు పుస్తకాలు చదివిన పొగరు, సెలవు దొరికితే సంగారెడ్డి సభల్లో దేవుడు లేడని గొంతు చించుకునే అలవాటు. అలాంటి నాకు గది కిరాయికి ఇచ్చింది రోజుకు మూడు పూటలా ప్రార్థన చేసే ఒక వితంతువు. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. కిరాయి గదికే అయినా అన్నం కూడా ఆమే పెట్టేది. ఆమె కంచం ముందు కళ్లు మూసుకోగానే నేను ముద్ద మింగుతూ, ఈ బియ్యానికి కారణం నీ దేవుడు కాదు, వంగి నాటేసిన నీ నడుము అనేవాణ్ణి.

"ఆ నడుమిచ్చిందెవరు కొడుకా? తిను, సల్లారుతది," అనేది కళ్లు తెరవకుండానే.

ఆమెకు వాగు పక్కన ఎకరం పొలం ఉండేది. నేను వచ్చిన రెండో ఏడాదికి ఆ వాగు నీళ్లు డికాషన్ రంగుకు తిరిగాయి, మడుల్లో నురుగు నిలిచింది. అయినా వేరే నీళ్లు లేక ఆ నీళ్లే పారించింది. వరి నిలువెత్తు పెరిగింది గానీ వెన్ను పట్టుకుంటే దూదిలా తేలిపోయింది. గింజ గింజా నలిపి చూసినా పొట్టే తప్ప లోపల పాలు లేవు. మొత్తం తాలు. వాగు పొడవునా అందరి పొలాలూ అంతే.

కానీ పొలం పోయినదానికంటే పెద్దమ్మను కలవరపెట్టింది కోత పండుగ. పంట పోయిన ఇంట్లో ఏదో పాపం దాగి ఉందన్న నమ్మకం ఆమె వెళ్లే చర్చి సంఘంలో కొందరికి గట్టిగా ఉండేది. ఎవరూ మొహం మీద అనరు, కానీ ఆ ఇంటివాళ్లు ప్రార్థనకు లేస్తే వెనక బెంచీల్లో తలలు దగ్గరవుతాయి. అందుకని పంట పోయినవాళ్లు గుట్టుగా పటాన్‌చెరు అంగడికి వెళ్లి మంచి వడ్లో, గుమ్మడికాయో కొనుక్కొచ్చి, తమ చేనులో పండినట్టే దేవుని ముందు పెట్టేవాళ్లు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. పెద్దమ్మ మరిది కూడా వచ్చి, వదినా, నేను అంగడికి పోతున్న, నీకూ ఓ సంచి వడ్లు తెస్తనని చెప్పి వెళ్లాడు. ఇరవై ఏళ్లుగా ఆడవాళ్ల ప్రార్థన నడిపించిన మనిషి ఆమె. అంగడి వడ్లు పెడితే దేవునితో అబద్ధం. పెట్టకపోతే సంఘంలో తల ఎత్తుకోలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. అసలు గుడికే పోవద్దన్నాను, చర్చిని అక్కడ గుడి అనే అంటారు. నీ పంట పోగొట్టినందుకు దేవునికి స్తోత్రం చెప్తవా, ఇది బానిసత్వం కాదా అని పండుగ ముందు రోజు అరుగు మీద కూర్చుని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ అంతా విన్నది.

"వాగుల ఏం కలుస్తదో నీకు తెలుసు గద?"

తెలుసన్నాను.

"మరి మీ కంపెనీల ఎవలకన్న చెప్పినవా?"

ఉద్యోగం కొత్త, ఊళ్లో తమ్ముడి చదువు అంటూ ఏదో గొణిగాను.

"గుళ్లె దేవుడు లేడని సభల చెప్పుడు తేలికనే కొడుకా," అని చేట పట్టుకుని లోపలికి పోయింది.

మరునాడు పొద్దున ఆమె తన పొలంలోంచే ఒక వరి కట్ట కోసుకొచ్చి, ఉతికిన కొంగులో పెట్టుకుని గుడికి బయల్దేరింది. నేను వెనకాలే నడిచి చివరి బెంచీలో కూర్చున్నాను. కానుకల వరుస కదిలింది. బల్ల ముందు గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, నిగనిగలాడే వడ్లు చేరుతున్నాయి. పెద్దమ్మ వంతు వచ్చింది. ఆ పాలిపోయిన కట్టను అన్నిటి మధ్య పెట్టి జనం వైపు తిరిగింది. అందరికీ వినబడేలా ప్రార్థన అందుకుంది.

"ప్రభువా, ఈపారి నీకు తాలే తెచ్చిన. కొనుక్కొచ్చి నా చేన్ల పండిందని చెప్పుడు నాకు చాతగాదు. వాన నువ్వు మంచిగనే ఇచ్చినవ్. నేను పనికి ఎన్నడు దొంగను గాలె. వాగును పాడుజేసింది నువ్వు గాదు, నేను గాదు. మనుషులు జేసిండ్రు. గా మాట చెప్పేటందుకు నోరిచ్చినవ్, నీకు స్తోత్రం."

ఆమె మరిది లేచి, తల వంచుకుని బల్ల దాకా నడిచి, అన్నిటికంటే పెద్ద గుమ్మడికాయ మీద చెయ్యి వేశాడు.

"అయ్యగారూ, ఇది అంగట్ల కొన్న. నాది కూడ తాలే."

ఎవరో ఆడమనిషి, "గంత పెద్దకాయ నీ చేన్ల ఎట్ల కాసెనో అనుకుంటనే ఉన్న," అంది. ముందు ఒకరు నవ్వారు, తర్వాత గుడి గుడంతా నవ్వింది, ఆ నవ్వులోనే కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచి నాదీ అంతే, నాదీ అంతే అన్నారు. పాస్టరు అయ్యగారు రాసుకొచ్చిన ప్రసంగం మడిచి జేబులో పెట్టుకుని, ఈరోజు వాక్యం అక్కే చెప్పింది, ఇగ నేను చెప్పేదేం లేదన్నాడు. మధ్యాహ్నం సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో ఆ గుమ్మడికాయే కూరైంది.

పంట పోవడం పాపఫలం కాదని చెప్పడానికి నేను ఎన్ని సభల్లో ఎంత అరిచినా కదలని మూఢనమ్మకం, ఒక ప్రార్థనతో ఆ గుడిలో కూలిపోయింది. ఆ సాయంత్రమే సంఘ పెద్దలు అర్జీ రాయాలన్నారు. నీళ్లలో ఏమేం ఉన్నాయో నాకు తెలిసినంతా రాసి, కింద నా పేరు కూడా పెట్టాను. అధికారులు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. వాగు బాగుపడలేదు గానీ ఊళ్లో ఒక బోరు పడింది. కంపెనీ నన్ను ల్యాబు నుంచి గోదాముకు మార్చింది, ఏడాది తిరక్కుండా నేనే మానేసి కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లాను. ఆ నిర్ణయానికి ఎన్నడూ చింతించలేదు. పెద్దమ్మ ఆ తర్వాత కూడా ఆడవాళ్ల ప్రార్థన నడిపిస్తూనే ఉంది, రోజూ పేరు పెట్టి నా కోసం కూడా ప్రార్థించేదట.

ఇప్పుడు ఆ వాగు పక్కన షెడ్లు, ప్లాట్లు. ఆమె ఎకరం ఎక్కడో నేను వేలు పెట్టి చూపించలేను. ఆమె పోయి కూడా చాలా ఏళ్లయింది. ఈనాటి గుళ్లలో లేచి చెప్పే సాక్ష్యాలన్నీ వచ్చిన ఉద్యోగాల గురించి, కట్టిన ఇళ్ల గురించి. మా హేతువాద సభల్లోనూ గెలిచిన కథలే, ఓడిపోయామని లేచి చెప్పే మనిషి అటూ లేడు, ఇటూ లేడు. దేవుణ్ణి నేను ఇప్పటికీ నమ్మను. కానీ కృతజ్ఞత అంటే లొంగిపోవడమేనని ఆ రోజు అరుగు మీద నేను చేసిన వాదన తప్పు. అది ఒప్పుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది. ఇప్పుడు ఒప్పుకుందామంటే, విని నవ్వి, అన్నం వడ్డించడానికి ఎదుట ఆ మనిషి లేదు.