నీలం కింద ఆకుపచ్చ: మద్రాసు నుంచి రాయదుర్గం దాకా

మద్రాసు సెంట్రల్లో సాయంత్రం ఐదున్నరకు హైదరాబాదు బండి ఎక్కాను. థర్డ్ క్లాసు టిక్కెట్టు, చేతిసంచిలో రెండు జతల బట్టలు, బెంచీ కింద ఒక ట్రంకు పెట్టె. పెట్టె నిండా కేసు కాగితాలు. మా బారిస్టరుగారు మర్నాడు విమానంలో వస్తారు. మా వృత్తిలో సీనియరుకీ జూనియరుకీ ఉన్న తేడా తెలివిలో ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. అది చాలావరకు పెట్టె ఎవరు మోస్తారన్న దాంట్లోనే ఉంటుంది.

ప్రయాణానికి కారణం ఒక కంకర మిషను. హైదరాబాదు పడమటి వైపు రాయదుర్గం గుట్టల్లో రాళ్ళు కొట్టుకునే నలభై కుటుంబాలు ఒక సహకార సంఘం పెట్టుకున్నాయి. జీడిమెట్లలో లేస్తున్న ఫ్యాక్టరీ షెడ్లకు కంకర తోలదామని, క్వారీ కౌలును బ్యాంకులో తాకట్టు పెట్టి, ఒక విదేశీ కంపెనీ దగ్గర మిషను కొన్నాయి. కాగితాల్లో అది సరికొత్తది. నాలుగో వారంలో దాని ఇనుప దవడ పగిలింది. పాతదానికి రంగు పూసి అంటగట్టారని సంఘం అంది. కొత్తదాన్ని వాడడం చేతకాక పగలగొట్టుకున్నారని కంపెనీ అంది. ఇలాంటి తగవు వస్తే లండనులో మధ్యవర్తి తీర్చాలని ఒప్పందం పదిహేడో పేజీలో, చీమలు చదువుకోవడానికి అచ్చువేసినంత చిన్న అక్షరాల్లో ఉంది. ఆ మధ్యవర్తి ఒకే ఒక్కసారి, రెండు గంటలసేపు, రాయదుర్గం వచ్చి మిషను చూస్తానన్నాడు. అక్కడ ఆయన రాసుకున్నదే సాక్ష్యం. ఆ రెండు గంటల్లో అది పాతదని తేలకపోతే క్వారీ బ్యాంకుకు పోతుంది, నలభై కుటుంబాలు రోడ్డుకు పోతాయి.

గూడూరులో పెరుగన్నం తిన్నాను. ఎదుటి బెంచీ మీద ఒంగోలు వెళ్ళే పొగాకు వర్తకుడు ఒకాయన కూర్చున్నాడు.

"బారిస్టరుగారి దగ్గరా? అంత దూరం పోయి ఏం నేర్చుకొస్తారండీ వాళ్ళు?"

"భోజనం చెయ్యడమండి. లండనులో లెక్క ప్రకారం విందులు తింటేగానీ పట్టా ఇవ్వరు."

"ఆ లెక్కన మా బావమరిది ఎప్పుడో అయిపోవాల్సిందండీ," అని ఆయన నిద్రకు ఉపక్రమించాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి నాంపల్లిలో దిగాను. స్టేషను ఎదురుగా లాడ్జీలో గది నాలుగు రూపాయలు. ఫ్యాను ఉందని చెప్పి ఇచ్చారు. ఉంది. తిరగాలని ఎవరూ అనలేదు.

సాయంత్రం నాలుగున్నరకు బారిస్టరుగారు దిగిన హోటలుకు వెళ్ళాను. ఆయన పచ్చికలో కూర్చుని టీ తాగుతున్నారు. పక్కన కంపెనీ తరఫు బారిస్టరు. ఇద్దరూ లండనులో ఒకే బల్ల మీద ఆ లెక్క విందులు తిన్నవాళ్ళు. అవతలాయన లేచి వెళ్ళాక మా సీనియరు వ్యూహం సెలవిచ్చారు.

"ఈ లండను మధ్యవర్తికి అధికారమే లేదన్నది నా పాయింటు. కాబట్టి రేపు మిషను దగ్గర మన వైపు నుంచి ఒక్క మాట రాకూడదు. వాదనలోకి దిగితే ఆయన అధికారాన్ని ఒప్పుకున్నట్టు అవుతుంది."

"ఆ పాయింటు ఓడిపోతే?"

"అప్పీలు. ఆ పైన మళ్ళీ అప్పీలు. ఇది లా రిపోర్టుల్లోకి ఎక్కే కేసోయ్."

"ఈలోగా క్వారీ...?"

"ఏ క్వారీ?" అన్నారు.

పాయింటు చెడ్డదేమీ కాదు. ఏ పరీక్షలోనైనా పూర్తి మార్కులు వస్తాయి. గదికి తిరిగొచ్చి, పెట్టెలోంచి తాకట్టు కాగితం తీసి మళ్ళీ చదివాను. క్వారీ పేరు మొదటి లైనులోనే ఉంది.

మర్నాడు ఏడింటికి బయల్దేరాను. వెళ్ళదలచినవారు గమనించాలి: మెహిదీపట్నం దాకా బస్సు ఇరవై పైసలు. ఆ తర్వాత బస్సు ఉంది, కానీ దానికి మనతో పని లేదు. కొండాపూర్ వైపు పోయే కంకర లారీ ఆపితే రూపాయి ఇచ్చి ముందు సీట్లో కూర్చోవచ్చు. దోవకు ఇరువైపులా ఏనుగుల్లాంటి బండలు, ఒకదానిమీద ఒకటి. మధ్యలో జొన్నచేలు, సీతాఫలం పొదలు. మనుషులకన్నా మేకలు ఎక్కువ.

"రాయదుర్గంల ఎవలింటికి సార్?" అని డ్రైవరు అడిగాడు.

"కంకర మిషను చూడడానికి."

"గా నీలం మిషనా? మస్తు మెరుస్తది సార్. దసరాకు రంగేసిండ్రు."

నా పెట్టెలో నూట నలభై పేజీల కాగితాలున్నాయి. అన్నిట్లోనూ మిషను రంగు ఆకుపచ్చే.

ఎనిమిదిన్నరకు దిగాను. సంఘం అధ్యక్షుడు మల్లయ్య రోడ్డు మీదికే ఎదురొచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, రాతిదుమ్ముతో కనుబొమలు తెల్లగా ఉన్నాయి. ట్రంకు పెట్టెను సిగరెట్టు పెట్టెలా ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. గుట్ట మలుపు తిరగ్గానే మిషను కనపడింది. ఆకాశం కన్నా నీలంగా ఉంది. దవడకు పసుపు, నుదుట బొట్టు, ఎండిన బంతిపూల దండ.

"ఎవరు వేశారయ్యా ఈ రంగు?"

"మేమే ఏసినం సార్. ఆయుధపూజ గద. ఉలి, సుత్తె, లారీ, అన్నిటికీ జేస్తం. పనిజెయ్యని మిషనని దీన్నొక్కదాన్ని ఇడిసిపెడ్తే ఎట్ల? కొడుకు ఖరాబైతే పండుగనాడు బువ్వ పెట్టమా?"

పాతదానికి రంగు పూసి మోసం చేశారన్నది మా కేసు. చూడబోతే రంగు పూసింది మా క్లయింటు. దేశంలో ఎన్ని కంపెనీలు ఎన్ని మిషన్లు కొన్నా ఈ తప్పు చెయ్యడం మనవాళ్ళకే సాధ్యం: మోసానికి సాక్ష్యంగా నిలబడాల్సిన ఇనుముకు బొట్టుపెట్టి, కొత్త రంగు వేసి, గుమ్మడికాయ కొట్టడం. నేను అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ రాయను, నన్ను కన్నవాళ్ళు ఈ పత్రిక చదువుతారు. మల్లయ్య అంతా విని, నడుము నుంచి ఉలి తీశాడు.

"ఫికర్ చెయ్యకు సార్. గిట్ల రా."

మిషను చట్రం కింద ఒకచోట వంగి, ఉల్లిపొర ఒలిచినట్టు గీకాడు. నీలం పోయింది. కింద ఆకుపచ్చ, అది కంపెనీ వేసిన రంగు. ఆకుపచ్చ కింద తుప్పు. తుప్పు కింద, ఇనుమును అంటుకుని, పాత ఎరుపు.

"రాయి పొర జూసి ఎట్ల పగుల్తదో చెప్తం. రంగు పొర జూడరాదా మాకు? కొత్త ఇనుమైతే పచ్చరంగు కింద గీ జంగెట్లొస్తది?"

నూట నలభై పేజీల్లో ఎక్కడా లేని వాదన అది. గబగబా ఒక చీటీ రాసి జేబులో పెట్టుకున్నాను.

పదకొండుకు కారు వచ్చింది. ఒకే కారులోంచి బారిస్టర్లిద్దరూ దిగారు, వాళ్ళ మధ్య మధ్యవర్తి. డెబ్భైకి దగ్గరపడ్డ దొర, ఒకప్పటి ఇంజనీరు, చేతిలో నోటుబుక్కు. నేను చీటీ మా సీనియరుకు అందించాను. ఆయన చదివి, నాలుగు మడతలు పెట్టి, కోటు జేబులో వేసుకున్నారు.

మిషను చూడగానే కంపెనీ బారిస్టరు ముఖం పెళ్ళివారి పందిరిలా వెలిగింది. "ఈ మిషనుకు రంగు మార్చినట్టు రుజువు కావాలా సార్? ఇదిగో. మార్చినవారు మీ ఎదుటే ఉన్నారు," అన్నాడు ఇంగ్లీషులో. మధ్యవర్తి రాసుకుని మా వైపు తిరిగాడు. "మీరు చూపించదలచింది ఏమైనా ఉందా?"

"ప్రస్తుతానికి ఏమీ లేదు," అన్నారు మా సీనియరు.

సీనియరు నిలబడి ఉండగా జూనియరు నోరు విప్పకూడదన్నది మా వృత్తిలో ఎక్కడా రాయని నియమం. రాసిన నియమాలను రోజూ అతిక్రమిస్తాం గానీ దీన్ని మాత్రం పాటిస్తాం. నేనూ పాటించాను. పదకొండూ నలభై దాకా, ఎండలో, పళ్ళు బిగబట్టి పాటించాను. మల్లయ్య నావైపు చూస్తూనే ఉన్నాడు. నేను బండలవైపు చూశాను. చూపించేవాళ్ళు లేనప్పుడు రెండు గంటలు దేనికని మధ్యవర్తి నోటుబుక్కు మూయబోయాడు.

మల్లయ్య వెళ్ళి చట్రం మీద ఉలితో టంగుమని కొట్టాడు. "ఓ దొరా! నీలం మాది, పచ్చ ఆ దొంగలది, నడిమిట్ల జంగు ఎవ్వనిదో అడుగు!"

"ఎవరితను? మీ తరఫు మనిషేనా?" అని మధ్యవర్తి అడిగాడు.

"మా తరఫున మాట్లాడే అధికారం ఇతనికి లేదు," అన్నారు మా సీనియరు.

నలభై కుటుంబాలు ఫీజు పోగుచేసి పెట్టుకున్న వకీలు, ఆ నలభై కుటుంబాల పెద్దను పట్టుకుని అన్న మాట అది.

"ఏమంటున్నాడు?" అన్నాడు మధ్యవర్తి.

"అతని యాస నాకు అంతుపట్టదు," అన్నారు మా సీనియరు. ఆయన పుట్టింది గుడివాడలో.

"నాకు అంతుపడుతుందండి," అన్నాను. దుబాసీ పని వాదించడం కిందికి రాదు కాబట్టి ఎవరూ ఆపలేకపోయారు. "ఈయన సంఘం అధ్యక్షుడు. పై నీలం పోయిన నెల పండుగకు తామే వేశామని చెబుతున్నాడు. దానికింద ఆకుపచ్చ కంపెనీది. ఆకుపచ్చకు కింద తుప్పు, తుప్పుకు కింద ఎరుపు ఉన్నాయి. కొత్త ఇనుముకు రంగు వేస్తే మధ్యలో తుప్పు రాదంటున్నాడు. తమకు నచ్చినచోట తమరే గీకి చూసుకోమని మనవి చేస్తున్నాడు."

మధ్యవర్తి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "అంతా అన్నాడా?"

"తెలుగు క్లుప్తమైన భాషండి."

మోసం కేసులో నేను చేసిన మోసం అదొక్కటే. కంపెనీ బారిస్టరు ఆక్షేపణ మీద ఆక్షేపణ పలుకుతుండగా, ముసలి ఇంజనీరు జేబులోంచి సొంత చాకు తీశాడు. మల్లయ్య చూపినచోటు వదిలేసి, చక్రం వెనకాల తనకు తోచినచోట మోకాళ్ళ మీద కూర్చుని గీకాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకే లెక్కపెట్టాడు. రాశాడు. ఇద్దరి చేతా సంతకం పెట్టించాడు. మా సీనియరు సంతకం కింద 'అభ్యంతరానికి లోబడి' అని చేర్చారు. మా క్లయింటుకు మేలు జరగడం మీద ఆయనకు అభ్యంతరం.

కారెక్కుతూ, రేపట్నుంచి నేను చాంబరుకు రానక్కర్లేదని ఎంతో మర్యాదగా చెప్పారు.

"ఏమంటుండు పెద్దసారు?" అన్నాడు మల్లయ్య.

"నన్ను పనిలోంచి తీసేశారు."

"నిన్ను తీసెటందుకు ఆయనెవ్వడు? పైసలిచ్చి పెట్టుకున్నది మేము. ఆయన్నే మేం తీసేస్తున్నం. కాయితం రాయి, ఏలిముద్రేస్త." నేను కలం తీస్తుంటే ఆపాడు. "గని ఒక్క ముచ్చట. లండన్ల మాట్లాడ్తవా, లేకుంటే ఇయ్యాల్టి లెక్క నేను ఉలి దీసెదాంక బండలు జూసుకుంట నిలవడ్తవా?"

"మాట్లాడతాను" అన్నాను. ఆయన్ను తీసేసి నన్ను వకీలుగా పెట్టుకుంటున్నట్టు కాగితం రాశాను, వేలిముద్ర వేశాడు.

సాయంత్రం నాలుగింటి బండికి తిరుగు ప్రయాణం. రాయదుర్గం చూడదగ్గ ఊరే. రాళ్ళున్నాయి, గాలి బాగుంటుంది, భోజనం మాత్రం వెంట తీసుకెళ్ళాలి. కోపం కూడా తీసుకెళ్ళాలనుకునేవారికి ఆ శ్రమ అక్కర్లేదు, అక్కడే దొరుకుతుంది. నాకు దొరికినదాంట్లో సగం మా సీనియరు మీద. మిగతా సగం, ఆ నలభై నిమిషాలు నా నోట్లోనే కూర్చుని ఉన్న నాలుక మీద. బెజవాడ దాటినా తగ్గలేదు.

క్లయింటు వకీలును మార్చుకోవాలంటే పాత వకీలు సమ్మతి పత్రం మీద సంతకం చెయ్యాలి. అది కూడా మా వృత్తి మర్యాదే. ఒళ్ళో పెట్టె పెట్టుకుని ఆ పత్రం రెండు ప్రతులు రాశాను. బండి కుదుపుకు అక్షరాలు వంకరపోయాయి గానీ చదవొచ్చు. పొద్దున ఏడున్నరకు సెంట్రల్లో దిగి, గదికి వెళ్ళకుండా, తిన్నగా చాంబరుకు పోయాను. గుమస్తా అలవాటుగా నా స్టూలు జరిపాడు. నేను పెట్టె కింద పెట్టి, క్లయింట్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను.

"ఎవరొచ్చారని చెప్పమంటారు?" అన్నాడు వాడు, అయోమయంగా.

"రాయదుర్గం వాళ్ళ వకీలు వచ్చాడని చెప్పు," అన్నాను.