డోలు ఆగిన చోట

క్రోసూరు సర్దార్ వాయించేది ఒక్కటే స్వరం. ముందు నిలబడి జబ్బార్ సాహెబ్ సన్నాయి మీద రాగం తీస్తుంటే, వెనక నిలబడి శ్రుతి కోసం ఒత్తు ఊదడం అతని పని. ఒత్తు మీద వేళ్లు ఆడవు. ఆ ఒక్క షడ్జమం తెగకుండా నిలబడాలి, అంతే. ముక్కుతో గాలి పీలుస్తూనే, బుగ్గల్లో దాచిన గాలిని నోటితో వదలాలి. చిన్నప్పుడు తండ్రి ఆముదపాకు కాడ నోట్లో పెట్టించి గిన్నెడు నీళ్లలోకి ఊదించేవాడు. బుడగలు ఆగితే వీపు పగిలేది.

పెళ్లిళ్లు లేని నెలల్లో సర్దార్ పరుపులకు దూది ఏకేవాడు. ఆ నూగు ఏళ్ల తరబడి గుండెల్లోకి పోయి ఆయాసం పట్టుకుంది. బుగ్గల్లో గాలి నిలవడం లేదు, ఒత్తు తెగుతోంది. డోలు మీద దెబ్బ గట్టిగా పడ్డప్పుడల్లా ఆ మోత చాటున నోరు తెరిచి గుక్క తీసుకోవడం మరిగాడు. డోలు వాయించే కోటిలింగానికీ, ఇంట్లో భార్యకూ తప్ప ఈ దొంగతనం ఎవరికీ తెలియదు.

యుద్ధం ఆగిన మరుసటి ఏడు, యూనివర్సిటీ విద్యార్థులు ధరణికోటలో పాత బౌద్ధ దిబ్బలు చూడడానికి వస్తున్నారనీ, వాళ్లకు సన్నాయి గురించి ఉపన్యాసం ఇవ్వాలనీ ఆ ఊరి బడి కృపానందం మాస్టారు వచ్చి అడిగారు. అప్పటికే జబ్బార్ సాహెబ్ ప్లేట్లు గ్రామఫోన్లలో తిరుగుతున్నాయి. ఆయన సరేనన్నారు.

"ఉపన్యాసమంటే కచేరీయేగా గురువుగారూ?" అన్నాడు సర్దార్.

"కాదురా. దేనికది విడిగా వినిపించాలంట. ముందు నీ ఒత్తే. డోలు ఆపించి అదొక్కటే వినిపిస్తా. చానా ఏళ్లు నా వీపు చూస్తా బతికావు, ఈసారి ముందు కూచో."

ఆయన ప్రేమగానే అన్నారు. డోలు ఆగితే సర్దార్‌కు గుక్క తీసుకునే చాటుండదు.

ఇంటికొచ్చి కంచం పక్కకు నెడితే భార్య హజ్రా బీ కసిరింది. "ఉన్నదున్నట్టు చెప్పి చావరాదా?"

"చెప్తే రేపట్నించి నా చోట శ్రుతిపెట్టె కూచుంటది. దానికి ఆయాసం రాదు."

"కూడు కూడా అడగదు," అంది హజ్రా బీ. అని, తనే కళ్లు తుడుచుకుంది.

ధరణికోట దారిలో బండి మీద కోటిలింగం నవ్వించాలని చూశాడు. "బాబాయ్, నీ మొహం చూసి ఎడ్లు బెదురుతున్నయ్."

"ఒరేయ్, ఆయన ఆపమన్నా నువ్వు ఆపమాకరా."

"ఆపకపోతే నన్నే ఆపేస్తాడు."

బడి గదిలో చాపల మీద విద్యార్థులు కిక్కిరిసి కూర్చున్నారు. జబ్బార్ సాహెబ్ ఏదో చెబుతున్నారు. సర్దార్ చూపు కోటిలింగం చేతి పుల్ల మీదే ఉంది. "ఇప్పుడు డోలు లేకుండా వినండి," అని ఆయన చెయ్యెత్తారు. కోటిలింగం పుల్ల గాల్లోనే ఆగిపోయింది.

ఒత్తు ఒంటరిగా పలికింది. సర్దార్ ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. బుగ్గలు వణికాయి. చాటు కోసం డోలు వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. స్వరం పుటుక్కున తెగింది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జబ్బార్ సాహెబ్ మెల్లగా తల తిప్పి సర్దార్‌ను చూశారు. ఆ చూపుకు సర్దార్ నిలువునా చచ్చాడు. ఆయన సన్నాయి ఎత్తి, రాగం జోలికి పోకుండా అదే షడ్జమం పట్టుకుని నిలబడ్డారు. సర్దార్ గుక్క తీసుకుని మళ్లీ అందుకున్నాక వదిలారు. తెగినప్పుడల్లా అలాగే చేశారు. అదీ పాఠమే కాబోలనుకుని విద్యార్థులు రాసుకున్నారు.

తిరుగు బండి ధరణికోట దాటింది.

"ఎప్పట్నించిరా?" అన్నారు జబ్బార్ సాహెబ్.

"నిరుటికి ముందేడు."

"ఏం కోటిలింగం, నీకు తెలుసా?"

"డోలు మోతలో నాకేం వినపడుద్ది గురువుగారూ?" అని కోటిలింగం పొలాల వైపు తిరిగాడు.

"నాకూ వినపడలా. చెవులున్నోణ్ణని ఊరేగుతున్నా," అన్నారాయన. భుజం మీది కండువా సర్దుకుంటూ, "ఊపిరి అందనప్పుడు నా కండువా లాగు. స్వరం నేను పట్టుకుంటా," అన్నారు.

తర్వాతి పెళ్లి పెదకూరపాడులో. సర్దార్ వెనకే నిలబడ్డాడు. భయం పోలేదు. పందిట్లో అంతమంది ముందు గురువు కండువా లాగడమేమిటని గుక్క బిగపట్టి, పాత అలవాటున డోలు దెబ్బ కోసం చూశాడు. కోటిలింగం అతని కళ్లలోకే చూస్తూ దెబ్బ మెత్తగా వేశాడు.

చాటు పోయింది. సర్దార్ కండువా లాగాడు.