ఆదివారం నాలుగింటికి ఏం కూర?

కనకలక్ష్మి సబ్‌మెరైన్‌లోకి ఏనాడూ దిగలేదు. ఒకసారి విశాఖపట్నంలో, కుటుంబాలకు చూపించే రోజున, పైమూత దాకా వెళ్ళింది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆ నిలువు నిచ్చెన దిగడం తన వల్ల కాదని వెనక్కి వచ్చేసింది. అయినా అండమాన్ దీవుల్లో స్థిరపడిన సబ్‌మెరైన్ మాజీ నావికుల్లో ఎవరికి షుగరుంది, ఎవరికి మోకాళ్ళు పట్టేశాయి, ఎవరి కోడలు మాటలు మానేసింది, ఎవరు పొద్దున్నే మందు మొదలుపెట్టారు అన్నది పదకొండేళ్ళుగా ఎరిగిన మనిషి ఆవిడే.

ఆవిడ పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోనే. తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి జెట్టీ పనికి వచ్చినవాడు. భర్త వీరన్న సబ్‌మెరైన్‌లో ఇంజన్ మెకానిక్. పదిహేనేళ్ళు విశాఖ క్వార్టర్స్‌లో కాపురం చేసి, ఆయన రిటైరయ్యాక దీవులకు తిరిగొచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. కూతురు చాందిని హేవలాక్ దీవిలో టీచరు, సెలవులకు వస్తుంది.

ఇక్కడ ముప్ఫై మంది దాకా మాజీ నావికులు కలిసి సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షుడు గోపీచంద్, అందరికీ చీఫ్ గారు. వార్తలు, సంక్షేమం చూసే కార్యదర్శి వీరన్న. నెల మొదట్లో ఒక పేజీ కబుర్లు రాసి అందరికీ పంపాలి. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్షేమం కనుక్కోవాలి. చిక్కేమిటంటే, డీజిలింజన్ల పక్కన ఇరవై ఏళ్ళు పనిచేసిన వీరన్నకు రెండు చెవులూ పోయాయి. కాబట్టి ఫోన్ చేసేది కనకలక్ష్మి. ఆవిడ వేళ్ళతో సైగ చేస్తే రిజిస్టర్లో రాసేది ఆయన. ఎవరింటికి ఎవరు వెళ్ళాలి, ఏ ఆసుపత్రికి ఎవరు తోడు వెళ్ళాలి అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చేవారు. సంఘం కాగితాల్లో మాత్రం ఆవిడ పేరు ఎక్కడా లేదు.

మొదటి నెలలోనే ఆవిడకు ఒక సంగతి అర్థమైంది. ఈ మగవాళ్ళను "బాగున్నారా" అని అడగడం దండగ. బోటు నీళ్ళలోకి మునిగే ముందు ఒక్కో కంపార్ట్‌మెంట్ నుంచీ రిపోర్టు వెళ్ళాలి. ఎంతమంది ఉన్నారో చెప్పి "సబ్ ఠీక్", అంటే అంతా బాగుంది, అనాలి. చెయ్యి కాలినవాడైనా, జ్వరంతో ఒళ్ళు పేలుతున్నవాడైనా అదే మాట. ఆ మాట వాళ్ళ నాలుకకు అతుక్కుపోయింది. రిటైరై ఇరవై ఏళ్ళయినా, గుండె నొప్పితో మంచంమీద ఉన్నా, ఫోన్ ఎత్తగానే సబ్ ఠీక్.

అందుకని ఆవిడ క్వార్టర్స్ ఆడవాళ్ళ పద్ధతి పట్టుకుంది. బోటు వెళ్ళిపోతే నలభై రోజులు కబురుండేది కాదు. ఎక్కడున్నారో అడగకూడదు, అడిగినా చెప్పరు. భయమేస్తోందని ఎవరూ పైకి అనకూడదు. అప్పుడు ఆడవాళ్ళు గోడమీంచి ఒకళ్ళనొకళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: ఏం కూర? వంట చేసిన మనిషి బాగున్నట్టు. నిన్నటిదే ఉంది అన్న మనిషి ఇంటికి సాయంత్రం ఎవరో ఒకరు వెళ్ళి కూర్చునేవారు.

ఈ ప్రశ్నకు మగవాళ్ళ దగ్గర సిద్ధంగా జవాబు లేదు. నోరు తెరిస్తే నిజమే వచ్చేది. దీవుల ఉత్తరాన మాయాబందర్‌లో పోలిరాజు అని ఒకడున్నాడు. వీరన్నకంటే చిన్నవాడు, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. అతనికి ఆ ప్రశ్న పండగ. "ఇయ్యాల వంజరం, వదినా. తల పులుసెట్టీసినాను, నడుము ఏపీసినాను. అన్నయ్యకి సెప్పకు, కుళ్ళిపోతాడు" అనేవాడు. వారం వారం చేప మారేది, వేళాకోళం మారేది కాదు.

పెన్షన్ ఇచ్చేవాళ్ళు ఏడాదికొకసారి, నవంబరులో, బతికున్నావా అని అడుగుతారు. వేలిముద్ర పడితే బతికున్నట్టు. ఎలా బతుకుతున్నావని అడిగే గడి ఆ కాగితంలో లేదు. ఆ గడి డైరీ ఫార్మ్‌లో ఆదివారం నాలుగింటికి తెరుచుకునేది.

కిందటి జూలై వానల్లో వీరన్న పోయాడు. పూలదండ వచ్చింది, చీఫ్ గారు వచ్చి సెల్యూట్ చేశారు. పదిహేనో రోజున రాజ్‌కిరణ్ వచ్చాడు. నలభై ఎనిమిదేళ్ళవాడు, కొత్తగా రిటైరయ్యాడు, మర్యాదస్తుడు. "ఆంటీ, మీకిక రెస్ట్ కావాలి" అని రిజిస్టరూ ఫోన్ నంబర్ల పుస్తకమూ పట్టుకెళ్ళాడు. వెళ్ళేముందు ఆవిడ కళ్ళముందే వీరన్న పేరుమీద ఎర్రసిరా గీత గీశాడు. సభ్యుడు పోతే పేరు కొట్టెయ్యడం సంఘం రివాజు. పేరుతోపాటు ఆ ఇల్లు కూడా లెక్కలోంచి పోతుందని ఎవరూ ఆలోచించలేదు. ఆదివారాలు ఆ ఇంటికి ఫోన్ రాదు. కబుర్ల కాగితం రాదు. అక్కడ ఇంకా ఒక మనిషి ఉందన్నది ఎవరికీ గుర్తుండదు. వీరన్నది పద్నాలుగో గీత.

పోయింది మనిషి, ఇల్లు కాదు కదా. కనకలక్ష్మి చీఫ్ గారికి ఉత్తరం రాసింది. సభ్యుడు పోయినా ఆ ఇంటిని సభ్యుల జాబితా, రోల్‌లోంచి తియ్యకూడదని, భార్య పేరు రాయాలని అడిగింది. ఆయన కాదనలేదు, అవుననీ అనలేదు. "సబ్‌మెరైన్‌లో పనిచేసినవారే సభ్యులు. రూలు అలా ఉందమ్మా" అన్నారు. డిసెంబరు ఎనిమిది, సబ్‌మెరైన్ డే నాడు సభ జరుగుతుంది, అప్పుడు చూద్దామన్నారు.

రాజ్‌కిరణ్ వాట్సాప్ గ్రూపు పెట్టాడు. ఆదివారం నాలుగింటికి ప్రతి సభ్యుడూ బొటనవేలి బొమ్మ నొక్కాలి. అంతా నాలుగు నిమిషాల్లో తేలిపోతోందని అతను సంతోషించాడు. కనకలక్ష్మి ఆ గ్రూపులో లేదు. ఆ వేళకు ఆవిడ టీ పెట్టుకుని, రెండు బ్రెడ్డు ముక్కలు ముంచుకు తిని, ఫోన్ వైపు చూడకుండా ఉండటానికి బట్టలు మడతపెట్టేది. ఒక్క మనిషికి వంటేమిటని పొయ్యి వెలిగించడం దాదాపు మానేసింది.

అక్టోబరు రెండో ఆదివారం ఇక ఉండబట్టక పోలిరాజుకు తనే ఫోన్ చేసింది. సంఘం పనిగా కాదు, వదినగా.

"సబ్ ఠీక్ వదినా" అన్నాడు.

"ఏం కూర?"

"అరటికాయ."

"కిందటి వారం?"

"అదీ అరటికాయే. పెరట్లో గెల ఏసింది గదా."

జెట్టీకి నాలుగడుగుల్లో ఉన్న మనిషి, ఆదివారం చేప లేకపోతే అలిగే మనిషి, రెండు వారాలుగా పెరడు దాటలేదు. ఆవిడ ఫోన్ పెట్టేసి చీఫ్ గారికి చేసింది. ఆయన గ్రూపు చూసి, పోలిరాజు బొటనవేలు నొక్కాడు, అంతా బాగుందన్నారు. ఆవిడ అరటికాయ సంగతి చెప్పింది. ఆయన నవ్వారు. ఇల్లాలు లేనివాడు ఏది ఉంటే అది తింటాడు, దానికింత కంగారేమిటన్నారు. అయినా వచ్చేవారం ఎవరినైనా పంపే ఏర్పాటు చూస్తానన్నారు.

మాయాబందర్‌లో సంఘానికి మరో మనిషి లేడు. పోర్ట్ బ్లెయిర్ నుంచి అక్కడికి ట్రంక్ రోడ్డు మీద రోజంతా ప్రయాణం. అడవి దాటాలంటే బళ్ళన్నీ గుంపుగా కదిలే కాన్వాయ్ వేళలకు కాచుకోవాలి. అటువైపు కనకలక్ష్మికి సొంతంగా తెలిసిన నంబరు ఇంకొక్కటే ఉంది. మాయాబందర్ దారిలోనే ఉన్న రంగత్‌లో, బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడిపే నూకరత్నం. క్వార్టర్స్‌లో పక్కింటి మనిషి. నాలుగేళ్ళ కిందట ఆవిడ భర్త పేరు మీదా ఎర్రగీత పడింది.

"ఏటే లక్ష్మీ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చినానేటి?" అంది నూకరత్నం. ఆ మాట కనకలక్ష్మికి తగలాల్సిన చోటే తగిలింది. రిజిస్టర్లో లేని ఇంటికి తనూ ఫోన్ చెయ్యలేదు మరి. తప్పు ఒప్పుకుని విషయం చెప్పింది. నూకరత్నం అంతా విని, "సరే. రేపు ఇడ్లీ బంద్" అంది.

మర్నాడు మొదటి బస్సెక్కి ఆవిడ మాయాబందర్‌లో దిగేసరికి పోలిరాజు గుమ్మంలో కుర్చీ వేసుకుని, కుడికాలు మరో కుర్చీమీద పెట్టుకుని ఉన్నాడు. తీరంలో తుప్పుపట్టిన రేకు గుచ్చుకుందట. షుగరు మనిషి, పసుపు అద్ది గుడ్డ కట్టాడు. గుడ్డ విప్పితే రెండు వేళ్ళు నల్లగా ఉన్నాయి, వాసన వీధిలోకి వస్తోంది. ఆవిడ చీవాట్లు పెడుతూనే ఆటో పిలిచింది. అక్కడి ఆసుపత్రివాళ్ళు చూసి, ఇది ఇక్కడ అయ్యే పని కాదని అంబులెన్సులో పోర్ట్ బ్లెయిర్‌కు పంపారు. నూకరత్నం అదే చీరతో అతని పక్కన కూర్చుని దారంతా వచ్చింది. వేళ్ళు రెండూ తీసేశారు. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే మోకాలి దాకా పోయేదని డాక్టరు చెప్పాడు.

నవంబరు మొదట్లో వచ్చిన కబుర్ల కాగితంలో పోలిరాజు కోలుకుంటున్నాడని రెండు ముక్కలు పడ్డాయి. ఎవరు తీసుకొచ్చారో పడలేదు. పోలిరాజు మంచంమీద ఆ కాగితం రెండుసార్లు చదివి మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

డిసెంబరు ఎనిమిదిన జెట్టీ దగ్గర పూలదండ నీళ్ళలో వదిలి, అందరూ హాల్లోకి వచ్చారు. పంతొమ్మిది మంది సభ్యులు. వెనక కుర్చీల్లో కనకలక్ష్మి, నూకరత్నం. సభ ఎప్పుడూ రోల్‌కాల్‌తో మొదలవుతుంది. ఒక్కో ఊరు ఒక్కో కంపార్ట్‌మెంట్. చీఫ్ గారు ఊరి పేరు పిలుస్తారు, ఆ ఊరివాళ్ళలో ఒకరు లేచి, సభకు రానివాళ్ళనూ కలిపి లెక్క చెబుతారు. పోర్ట్ బ్లెయిర్, పదహారు మంది, సబ్ ఠీక్. రంగత్, నలుగురు, సబ్ ఠీక్.

"మాయాబందర్" అన్నారు చీఫ్ గారు.

పోలిరాజు చేతికర్ర మీద బరువు వేసి లేచాడు. "మాయాబందర్, ఒక్కడు. ఠీక్ నహీ హై, చీఫ్ సాబ్. కుడికాలికి రెండేళ్ళు నేవు."

ఎవరో నవ్వారు. పోలిరాజు నవ్వలేదు.

"రంగత్ లెక్క తప్పు సెప్పినారు. నలుగురు కాదు, అయిదుగురు. ఆ అయిదో మనిషి బస్సెక్కకపోతే మాయాబందర్ సున్నా అయిపోయీది. ఆవిడ పేరు మీ పుస్తకంలో నేదు. నేను నొక్కిన బొటనేలు ఉన్నాది."

ముందు వరసలో ఒక పెద్దాయన, అదంతా నిజమే గాని ఒక్కరోజైనా నీళ్ళలో మునగనివాళ్ళు సభ్యులెలా అవుతారని అడిగాడు. చీఫ్ గారు కనకలక్ష్మి వైపు చూశారు. ఆవిడ లేచింది. ఉత్తరం చేతిలో ఉంది, చదవలేదు.

"నలభై రోజులు మీరు నీళ్ళలో ఉంటే ఎక్కడున్నారో మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు. లోపల మిమ్మల్ని మీరు లెక్కపెట్టుకున్నారు, బయట మమ్మల్ని మేమే లెక్కపెట్టుకున్నాం. అక్కడ నేర్చుకున్నదే పదకొండేళ్ళు మీ సంఘానికి పనికొచ్చింది. దయ చూపించండని రాలేదు, చీఫ్ గారూ. మా పేర్లు రాయమంటున్నాను."

అని కూర్చుంది. చీఫ్ గారు రిజిస్టర్లో ఎర్రగీతలున్న పేజీలు ఒక్కొక్కటీ తిప్పారు. కఠినుడు కాదు ఆయన. జీవితమంతా రూలు తన్ను కాపాడిందని నమ్మిన మనిషి. చివరికి కళ్ళజోడు సర్దుకుని, రోల్‌కాల్ సరిగ్గా జరగలేదు, మళ్ళీ మొదటి నుంచి తీసుకుందామన్నారు. "పోర్ట్ బ్లెయిర్. ఈసారి ఒక్కొక్కరూ చెప్పండి."

ఎప్పుడూ రెండు నిమిషాల్లో అయ్యే రోల్‌కాల్ ఆ రోజు గంటన్నర నడిచింది. ఒకాయన తన ఎడమకన్ను కనపడటం లేదని చెప్పాడు. ఇంకొకాయన తన భార్య మతిమరుపు గురించి చెప్పాడు. రాజ్‌కిరణ్ అవన్నీ రాస్తూ రాస్తూ, తన వంతు వచ్చేసరికి కలం పెట్టేసి, రిటైరయినప్పటి నుంచీ తనకు సరిగ్గా నిద్ర లేదన్నాడు. బొమ్మ నొక్కమని అందరికీ చెప్పింది తనే, తను కూడా ప్రతివారం నొక్కుతూనే వచ్చాడు.

చేతులెత్తమంటే పదమూడు లేచాయి. నాలుగు లేవలేదు. ఇద్దరు ఎటూ తేల్చుకోలేదు. సభ్యుడు పోయినా ఇల్లు రోల్‌లో ఉంటుందని కొత్త పేజీలో రాశారు. ఆ పేజీలో మొదటి పేరు నూకరత్నానిది. చీఫ్ గారు తన చేత్తోనే రాశారు.

ఆలస్యంగా చేసిన పనికి ఆలస్యం ఖరీదు ఉంటుంది. పద్నాలుగు ఎర్రగీతల వెనక ఎవరున్నారో వెతికితే, ముగ్గురు ఆడవాళ్ళు తమ పిల్లల దగ్గరికి మెయిన్‌ల్యాండ్ వెళ్ళిపోయారు. ఇద్దరి ఫోన్లు పనిచెయ్యలేదు. ఒకావిడ రెండేళ్ళ కిందటే చనిపోయింది, సంఘానికి తెలియనే తెలియదు. మిగిలినవాళ్ళ పేర్లు కొత్త పేజీలోకి ఎక్కాయి. నంబర్ల పుస్తకం రాజ్‌కిరణే డైరీ ఫార్మ్‌కు తెచ్చి ఇచ్చి, తనకూ సగం ఇళ్ళు పంచమన్నాడు. ఎలా అడగాలో మాత్రం నేర్పమన్నాడు.

ఆ ఆదివారం నాలుగింటికి కనకలక్ష్మి పుస్తకం ముందు పెట్టుకుని, మొదటి నంబరు నొక్కబోతుంటే ఫోనే మోగింది. రంగత్ నుంచి నూకరత్నం.

"డైరీ ఫార్మ్, ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

"ఏం కూర?"

కనకలక్ష్మి నోటిదాకా సబ్ ఠీక్ వచ్చింది. ఆ మాట తనకూ అంటుకుందని అప్పుడు తెలిసింది. స్టవ్ వైపు చూసింది. దాని మీద పాత పేపరు పరిచి ఉంది.

"బ్రెడ్డు, టీ" అంది. "జూలై నుంచీ అదే."

అవతల బండి దగ్గర గిన్నెల చప్పుడు. నూకరత్నం తిట్టలేదు, ఓదార్చలేదు. "రాసుకున్నాను. గంటలో మళ్ళీ సేస్తాను. అప్పటికి ఏదో ఒకటి పొయ్యి మీద ఉండాల" అని పెట్టేసింది.

కనకలక్ష్మి పేపరు తీసి మడిచింది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఉల్లిపాయ కోస్తూ మాయాబందర్‌కు కలిపింది.