వజ్రంలో నల్లచుక్క

నిన్న కొండాపూర్‌లో ఒక నగల దుకాణంలో, ల్యాబ్‌లో తయారైన వజ్రాలు అమ్మే అమ్మాయి నా చేతికి భూతద్దమిచ్చి, "చూడండి మేడమ్, ఒక్క మచ్చ కూడా ఉండదు" అంది. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని, మచ్చలేని వజ్రం విలువ నాకు తెలియక కాదు. కానీ ఆ మాటకి నల్లగండ్లలో మా పిన్ని వంటిల్లు గుర్తొచ్చి మనసు పాడైపోయింది. ఏమీ కొనకుండా వచ్చేశాను.

పిన్ని వాళ్లది కాకినాడ. కొడుకు, అంటే మా తమ్ముడి, ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి ఫ్లాట్ కొనుక్కున్నారు. మరదలిది ఇక్కడి పుప్పాలగూడే. పొలం అపార్ట్‌మెంట్ల వాళ్లకి అమ్మినప్పుడు వాళ్లమ్మ ముచ్చటపడి ఒక వజ్రపుటుంగరం చేయించుకుందట. ఆవిడ పోయాక తల్లి గుర్తంటూ మరదలికి మిగిలింది అదొక్కటే. తలంటుకి తప్ప వేలినుంచి తీసేది కాదు. ఆ రాయిని వెలుతురుకి పట్టి చూస్తే లోపల ఒక నల్లచుక్క. మచ్చ ఉన్న వజ్రం ఇంటికి అచ్చిరాదని మా వైపు మహా పట్టింపు. వజ్రాన్ని నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకుని, ఏ చెడూ జరక్కపోతేనే కొనేవాళ్లు. తమ్ముడి ఉద్యోగం ఊడేసరికి పిన్ని చూపు ఆ చుక్క మీద పడింది. కోడలంటే ప్రాణం, తీసెయ్యమని నోరు రాదు. నన్ను పిలిపించింది.

"కెమిస్ట్రీ చదివావుగా, ఏంటే ఆ మచ్చ?"

పెన్సిల్‌తో బొమ్మలు గీసి మరీ చెప్పాను. వజ్రంలో ఒక్కో కర్బన పరమాణువు మరో నాలుగింటిని అన్ని వైపులా బిగించి పట్టుకుంటుంది, అందుకే అంత గట్టి. గ్రాఫైట్‌లో మూడింటినే పట్టుకుని పొరలు పొరలుగా పరుచుకుంటుంది. ఆ పొరలు జారబట్టే పెన్సిల్ రాస్తుంది. ఈ చుక్క బహుశా గ్రాఫైటే, శనీ లేదు పాడూ లేదు.

"అంటే బొగ్గులాంటిదేనా?"

"దగ్గర చుట్టమే పిన్నీ."

పిన్ని మొహం విప్పారింది. హమ్మయ్య, అర్థమైందనుకున్నాను. అర్థమైంది, నా బొంద! మిగతా సగం వినకుండానే కాఫీ పెట్టడానికి లేచిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ వస్తే పరిగెత్తాను. మరదలు తలంటుకి వెళ్లగానే పిన్ని ఉంగరాన్ని పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంట మీద పెట్టిందట. బొగ్గయితే కాలిపోతుంది, అంత గట్టి వజ్రానికి మంటేం చేస్తుందిలే అని. వజ్రమూ కర్బనమే, బాగా కాగితే అదీ కాలుతుందని నేను చెప్పబోయిన మాట ఆవిడ విన్లేదు కదా! ఎర్రగా కాల్చి చన్నీళ్లలో వేసింది. రాయి పైన ముగ్గుపిండి పూసినట్టు తెల్లబడింది, పక్కనుంచి లోపలికి పగులు తీసింది.

"నువ్వు నిశ్చింతగా పెట్టుకుంటావనేనమ్మా" అని పిన్ని వెక్కివెక్కి ఏడుస్తోంది.

మరదలు తడిజుట్టుతోనే ఉంగరాన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది. "గా మచ్చ చూసుకుంటనే పెరిగిన అత్తమ్మా. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకోని గదే ఎతికేదాన్ని. పోవాలని నేనెప్పుడన్న అడిగిన్నా?"

 

తమ్ముడికి తర్వాత ఇంకో ఉద్యోగం దొరికింది. సాన పట్టిస్తే మెరుపొస్తుందేమోనని నేనే కంసాలి దగ్గరికి తీసుకెళ్లాను. పగులుంది, తట్టుకోదన్నాడు. మరదలు ఆ రాయినే పెట్టుకుని తిరుగుతుంది. చుక్క లోపలే ఉంది, తెల్లపొర కమ్మి కనబడదంతే. భూమి అడుగున ఎన్ని కోట్ల ఏళ్లు అలా కూర్చుందో ఏమో, ఒక పిల్ల కళ్లకి దొరికింది మాత్రం వాళ్లమ్మ బతికున్న ఆ కాసిని ఏళ్లూ, ఆ తర్వాత ఇంకాస్త.