ఆర్కిడ్ కుండీలో తడి

కుండీలో మళ్లీ తడి. నేను నీళ్లు పోసి వారం దాటింది. ధర్మవరం ఎండకు ఆరేసిన చీర అరగంటలో పెళపెళలాడుతుంది, ఈ కుండీ మాత్రం ఆరదట! ఇది కచ్చితంగా మనిషి పనే. ఆ మనిషి ఎవరో కూడా నాకు తెలుసు. మా అత్త.

ఆ ఆర్కిడ్‌ను మాకు కాబోయే కోడలు తెచ్చింది. బెంగళూరు పిల్ల. అమ్మానాన్నలతో మా ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు, ఊదారంగు పూలతో ఉన్న కుండీని నా చేతిలో పెట్టింది. మావాడికి ఆ పిల్లంటే ప్రాణం. నాకూ నచ్చింది. అత్తకే, కదిరిలో ఉన్న తన తమ్ముడి మనవరాలిని చేసుకోవాలని పట్టు. పూలు రాలి ఆకులు వేలాడగానే ఆమె అన్న మొదటి మాట, "పెండ్లికి ముందే ఇట్లా వాడిపోతే అపశకునం కాదామ్మే?" తాంబూలాలకు ఆ పిల్ల మళ్లీ వస్తుంది. అప్పటికి చెట్టు చచ్చిందో, ఈమె ఆ ఒక్క ముక్క పట్టుకుని సంబంధమే చెడగొడుతుంది.

ఫోన్‌లో వీడియోలు చూసి మొక్కను పైకి తీశాను. నీళ్లెక్కువై సగం వేర్లు మెత్తబడి ఒకటే కంపు. పట్టుదారం తుంచే కత్తెరతో కుళ్లినవన్నీ తీసేసి, కోసినచోట పసుపు అద్ది, బొగ్గు ముక్కలూ కొబ్బరి పీచూ వేసి మళ్లీ నాటాను. దీని జోలికి ఎవరూ రావద్దని, నీళ్లు నేనే చూసుకుంటానని ఇల్లంతా వినబడేలా చెప్పాను. అయినా తడే.

"అత్తా, దీనికి నీళ్లేమన్నా పోసినావా?"

"నాకేం పనిలేదా?" అని మొహం తిప్పుకుంది. దొంగ మొహం! కుండీని పడకగదికి మార్చాను. అక్కడా తడే.

ఒక మధ్యాహ్నం నిద్ర నటిస్తూ పడుకున్నాను. తలుపు కిర్రుమంది. అత్త చేతిలో గ్లాసు. తాగగా మిగిలిన నీళ్లు పారబోయడం ఆమె పుట్టి బుద్ధెరిగి ఎరగదు. ఆఖరికి చేయి కడిగినా ఆ నీళ్లు ఏదో ఒక మొక్క మొదట్లోకే. కుండీ మీదికి వంగి, కొంచెం కొంచెంగా పోస్తూ, "తాగు తల్లీ, తాగు" అంటోంది.

దిగ్గున లేచాను. "దొరికినావు కదా అత్తా! నా కొడుకు పెండ్లి చెడగొట్టాలనేనా?"

"నేనా? నువ్వా?" ఆమె గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "చెట్టు ఎండిపోతాంటే చుక్క నీళ్లు పొయ్యవు, పోసేవాళ్లను పొయ్యనియ్యవు. ఆ పిల్ల నీకు నచ్చలేదు. చెట్టును సంపి, శకునం బాగలేదని నా నోటితోనే అనిపియ్యాలని సూస్తాండావు!"

గ్లాసును కుండీకి దూరంగా జరిపాను. "మరి కదిరి పిల్ల?"

"అనుకున్యా, కాదన్లే. ఆ పొద్దు ఈ పిల్ల నా పక్కన కూసోని, నా చేతి ముద్ద తినింది. ఈడ ఎవరు తింటాండారు నా చేత్తో? ఆ పిల్లను పోగొట్టుకుంటానా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొక్కను మళ్లీ పైకి తీసి, కొత్తగా కుళ్లిన వేరు ఒకటి తుంచి ఆమె చేతిలో పెట్టాను. వేళ్లతో నొక్కింది. నీరు కారింది. వాసన చూసి ముక్కు చిట్లించింది.

"నీళ్లు లేక సచ్చినవే సూసినా ఇంతకాలం" అంది మెల్లగా. "నీళ్లెక్కువై కూడా సస్తాదా ఏ చెట్టన్నా?"

ఇప్పుడు ఆర్కిడ్ హాల్లోనే, అందరి కళ్లముందే ఉంది. పక్కనుంచి ఆకుపచ్చని కొస ఒకటి బయటికొచ్చింది, అది వేరో ఇంకేమిటో గాని గట్టిగా ఉంది. అత్త గ్లాసుతో అటు వెళ్లినప్పుడల్లా నా కళ్లు ఆమె వెనకాలే వెళ్తాయి. నిన్న కుండీ ముందు ఆగింది. గ్లాసు వంచబోయి, నావైపు ఓరగా చూసి, మిగిలిన నీళ్లు తానే తాగేసింది.