నసీమా తెచ్చిన ఉర్దూ పేపరు

ఇవాళ బోధన్ బస్టాండులో మిర్చీ బజ్జీలు ఉర్దూ పేపరులో కట్టిచ్చారు. నూనె మరకల మధ్య ఆ అక్షరాలు చూడగానే మన ఆరో తరగతి కళ్లముందుకొచ్చింది. గుర్తుందా దోస్తులూ?

వాతావరణ వార్త చదవడానికి టీచరమ్మ అందరినీ ఇంట్లోని పేపరు తెమ్మన్నారు. నసీమా ఉర్దూ పేపరు తెచ్చింది. వెనక బెంచీవాళ్లు నవ్వేసరికి గబగబా సంచిలో దాచేసింది.

"ఎందుకు దాస్తున్నవ్ బిడ్డా? చదువు, మేం గూడ ఇంటం," అన్నారు టీచరమ్మ.

నసీమా పేపరు మళ్లీ బయటికి తీసింది. కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ చదివి, తెలుగులో చెప్పింది. "రేపు మన జిల్లాల వాన పడ్తదట."

"గదే నా పేపర్ల గూడ ఉన్నది!" అని అరిచాను.

మధ్యాహ్నం నవ్వినవాళ్లే ఆమె చుట్టూ మూగారు. "నా పేరు ఉర్దూల రాయవా నసీమా?"

"ముందుగాల లైన్ల నిలబడుండ్రి!" అంది నసీమా, అచ్చం టీచరమ్మలాగే.